నువ్వెట్లుండావు?

కొండమీద కల్యాణకట్టలో నా పని.
ముందర కూచుంటారు, తల వంచుతారు.
నీళ్లు చల్లి, కత్తి తిప్పి
ఒక్క గాటు పడకుండా పంపిస్తాను.
వాళ్ల మొక్కు వాళ్లది, నేనడగను.
ఎవరికి ఏ జబ్బు నయమైందో
ఎవరికి ఇంకా కాలేదో
వేళ్ల కింద ఎముక చెప్పదు.

ఇంట్లో దేశమ్మ.
ఎడమ పక్క పడిపోయి మూడేండ్లు.
మాటలన్నీ పోయి ఒక్క "ఆ" మిగిలింది.
అన్నానికీ ఆ, నీళ్లకీ ఆ, ఒంటేలుకీ ఆ.
ఏ ఆ ఏదో నాకు తెలుసు.

జుట్టు తీసేయ్, పేలు పడతాయి, అనింది మా అక్క.
నీకు చిటికెలో పని గదరా చెంగల్రాయా!
అదొక్కటే చెయ్యలేకపోయినా.
కోసేదే తెలిసిన చేతులు
జడ అల్లేది నేర్చుకున్నాయి.
మొదటి నెల అది జడ కాదు, ఎద్దు పలుపు.
దేశమ్మ కుడిచేత్తో తడిమి చూసుకుని
సగం మూతితో నవ్వింది.

మంగళారం మూడు గంటలకి
పెద్దాసుపత్రిలో, కట్లు కట్టే గది పక్క గది.
కాళ్లూచేతులు ఆడించే ఫిజియో ఆయన చీటీ రాసిచ్చినాడు,
ఆమెకు కాదు, నీకే, అని.
నాకేం రోగం అనుకున్నా.
ఆరు కుర్చీలు, ఒక ఫ్యాను, దానికో కూత.
ఎట్లుండావు, అనింది వహీదా మేడం.
బీపీ నూటనలభై మేడం,
రాత్రి రెండిడ్లీ తినింది,
వీపు మీద పుండు ఆరతా ఉండాది.
ఆమె రాసుకోలేదు.
పెన్ను కింద పెట్టి మళ్లీ అడిగింది.
"ఆమె కాదు. నువ్వు.
నువ్వెట్లుండావు?"

ఫ్యాను కూసింది.
ఆ ప్రశ్నకి నా దగ్గర
"ఆ" కూడా లేదు.

రేణిగుంట గజలక్ష్మికి కొడుకు,
పద్దెనిమిదేండ్లొచ్చినా చంటోడే.
మోసి మోసి నడుము పోయింది.
నొప్పంటే అందరూ వాణ్ణే చూస్తారంట.
చంద్రగిరి ఢిల్లీబాబు వాళ్ల నాయినకి
వారానికి మూడుసార్లు డయాలసిస్.
వాడేమీ చెప్పడు,
చెప్పు రబ్బరు గోటితో గీకుతా ఉంటాడు.

నాలుగో మంగళారం,
బయట వాన పడతా ఉండబట్టో ఏమో, నోరు జారింది.
"ఒకనాడు తెల్లారి
ఆమె కదలకుండా ఉంటే బాగుండు అనుకున్నా మేడం.
అనుకుని, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినా.
ఊపిరి తగిలింది.
ఏడ్చినా.
ఎందుకేడ్చినానో ఇప్పటికీ తెలీదు."

తల వంచుకున్నా.
ఇన్నేండ్లూ ఎదుటోళ్ల తలలే వంచినోణ్ణి,
ఈ వంపు నాకు కొత్త.
మెడ వెనక గాలి తగిలినాక తెలిసింది
కత్తి కోసం కాచుకునేటోడికి
ఎట్లుంటాదో.

కత్తి పడలేదు.
గజలక్ష్మి కొంగుతో మూతి తుడుచుకుని
"నాకూ" అనింది.
ఢిల్లీబాబు రబ్బరు గీకేది ఆపినాడు.
మేడం తప్పనలేదు, ఒప్పనలేదు,
దేవుడి మాట ఎత్తలేదు.
అలిసిన మనిషికి వచ్చే ఆలోచనే ఇది, అని మాత్రం చెప్పి
టీ తెప్పించింది.
అల్లం జాస్తి పడింది అందులో.

వారానికో గంట నీకోసం పెట్టుకో, అన్నారు.
ఎదురింటి సెల్వి వచ్చి కూచుంటాది.
ఏం చెయ్యాలో తెలీక మొదటి గంట
బస్టాండులో దిగేవాళ్లను చూస్తా గడిపినా.
రెండోసారి, భవానీనగర్‌లో ఎవరిదో చిన్న సెలూను.
నేనూ ఈ పనోణ్ణే అని చెప్పకుండా కూచున్నా.
ఇంకొకరి చెయ్యి నా తల మీద పడి ఎన్నాళ్లయిందో!
సబ్బు నురగ ఆరకముందే నిద్రపట్టింది.
పిల్లోడు గడ్డం ముగించి, నన్ను లేపకుండా
పక్క కుర్చీలో తర్వాతోణ్ణి కూచోబెట్టుకున్నాడు.

ఇంటికి పోతే దేశమ్మ
నా చెంప తడిమింది, నున్నగా.
వేళ్లు వాసన చూసుకుని
"ఆ" అనింది.

ఇది అన్నం ఆ కాదు, నీళ్ల ఆ కాదు,
మూడేండ్లలో నేను వినిన ఏ ఆ కాదు.
మంచం పక్కన కూచుని
అడిగినా,
"నువ్వెట్లుండావు?"